నెట్‌వర్క్ కార్డుకు పెట్టిన టిక్కు

మా ఆఫీసులో మనుషుల్ని తీసేసే పద్ధతి ఒకటుండేది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. తీసేయదలచినవాళ్ళు పొద్దున రాకముందే వాళ్ళ కంప్యూటర్లో నెట్‌వర్క్ కార్డు ఆపేయాలి. వాళ్ళు వచ్చి, మిషన్ పాడైందనుకుని, మధ్యాహ్నం దాకా ఎదురుచూస్తూ కూర్చుంటారు. అప్పుడు మేనేజరు లోపలికి పిలిచి చావు కబురు చల్లగా చెబుతాడు. ఈలోపు ఆ మిషన్లోంచి ఒక్క ఫైలు కూడా బయటికి పోకూడదని రూలు. ఆపేవాణ్ణి నేను. సిస్టమ్స్ చూసుకునే ఉద్యోగం నాది, చేరి నాలుగు నెలలు.

మాదాపూర్‌లో ఇంకా గుట్టలు పేలుస్తున్న రోజులవి. ఆ చప్పుడుకి మా కిటికీ అద్దాలు అదిరేవి. అమెరికా డాక్టర్లు చెప్పి పంపిన మాటలు విని, రిపోర్టులుగా టైపు చేసి తిరిగి పంపడం మా కంపెనీ పని. నార్సింగి నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒకావిడ ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అనేవాణ్ణి. నేను డబ్బా తెచ్చుకోని రోజున తన జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చేది. లైన్లు తక్కువ టైపు చేస్తోందని ఆమె వంతు వచ్చింది.

ఎనిమిదింటికే ఆమె సీట్లో కూర్చుని, నెట్‌వర్క్ కార్డు పేరు వెతికి, 'డిజేబుల్' అన్న గడిలో టిక్కు పెట్టాను. తొమ్మిదింటికి ఆమె చెమటలు కక్కుతూ వచ్చింది.

"తమ్మీ, జర చూడు, నెట్‌వర్క్ వస్తలేదు."

"కేబుల్ ప్రాబ్లమ్ అనుకుంటానక్కా," అని బల్ల కిందికి దూరాను. బాగున్న వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాను. ఏం నటన! నాటకాల్లో చేరి ఉంటే పైకొచ్చేవాణ్ణి.

"నిన్న తప్పు చేసిన," అంది పైనుంచి, గొంతు తగ్గించి. "ఇద్దరి రిపోర్టులు తారుమారు చేసి పంపిన. బస్సుల గుర్తొచ్చింది. ఒకాయనకు పెన్సిలిన్ పడది. ఆ ముక్క ఇంకొకాయన పేరు మీద పోయింది. ఇంకో గంటల అక్కడ రాత్రి మందులేస్తరు. ఆలోపల సరిచేసింది పోవాలె."

నేను దుమ్ములోనే ఉండిపోయాను. టిక్కు తీస్తే చాలు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ మాట నాకు చెల్లదు. పోకచెక్కకు పాపం వేరే దారి లేదు. నాకుంది.

"పోనీ ఫ్లాపీల వేసిస్త. నీ మిషన్ల నుంచి పంపు," అని ఫైళ్ళు ఎక్కించి నా చేతిలో పెట్టింది.

ఫ్లాపీ జేబులో వేసుకుని మేనేజరు గదికి వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను, ఒట్టు.

"ఆవిడకేమన్నా అనుమానం వచ్చిందా?" అన్నాడాయన తల ఎత్తకుండానే.

"లేదండి."

"మంచిది. నీ కన్ఫర్మేషన్ వచ్చే నెలే కదూ?"

బయటికి వచ్చేశాను. నా సీట్లో కూర్చుని ఆ గంటా గడిచిపోవడం చూశాను. పిరికి వెధవని, ఇంకో మాట లేదు.

మధ్యాహ్నం ఆమెను పిలిచారు. ఐదు నిమిషాల్లో బయటికి వచ్చి, టిఫిను డబ్బా, గొడుగు సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నేను చేసిన పని తెలిసిపోయిందేమో, చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అది పోయిందా తమ్మీ?"

ఫ్లాపీ ఇంకా నా జేబులోనే ఉంది.

"పోయిందక్కా."

"సల్లంగుండు," అని నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ సీట్లోకి కొత్తమ్మాయి వస్తుందని, సాయంత్రం మిషన్ సిద్ధం చేయమన్నారు. టిక్కు తీశాను. ఎవరూ చూడకుండా ఆ రెండు రిపోర్టులూ పంపాను. ఆ పేషెంటుకు ఏమైందో నాకీ రోజుకీ తెలియదు. ఎవరినీ అడిగే ధైర్యం చేయలేదు. పంపడానికి అర నిమిషం పట్టింది. పొద్దునైనా అంతే పట్టేది.