విల్ఫ్‌కి వినబడలేదట

విల్ఫ్ ఓల్డ్‌రాయిడ్‌కి ఏ ప్రశ్నా ఒక్కసారి చదివితే సరిపోదు. "కుంటి గొర్రె" పబ్బులో మంగళవారం క్విజ్ మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. పబ్బు యజమాని ఐవర్ మైకు పట్టుకుని ప్రశ్న చదవడం, విల్ఫ్ చెయ్యెత్తి "మళ్ళీ చదువు నాయనా, వినబడలేదు" అనడం, పబ్బంతా ఒక్కసారిగా ఉసూరుమనడం. బీరు ధర పెరిగిన వారమూ, వానకి పైకప్పు కారిన వారమూ కూడా ఈ తంతు మాత్రం తప్పలేదు.

పోనీ రెండోసారి చదివాక ఊరుకుంటాడా అంటే అదీ లేదు. తన బల్ల వైపు తిరిగి, ఆ ప్రశ్నని తనే ఇంకోసారి గొంతు చించుకుని అప్పజెప్తాడు. "టాంజానియా రాజధాని ఏదని అడుగుతున్నాడు. టాంజానియా అంట. దాని రాజధాని అంట." ఆ విసుగు చూస్తే, ఆ ఊరెవరో ఈయన్ని ఏడిపించడానికే కట్టారనిపిస్తుంది.

అందరికంటే ఎక్కువ ఒళ్ళు మండేది హెస్టర్ థ్వైట్‌కి. ఖర్మకాలి ఆవిడ పక్క కుర్చీయే ఆయనది. ఆ ఊరి బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి హెస్టర్. రాజులూ, రాణులూ, యుద్ధాలూ, నదులూ అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. జట్టుకి "నాలుక చివర" అని పేరు పెట్టింది కూడా ఆవిడే. జట్టులో మూడో మనిషి కొలెట్, ఇంటింటికీ ఉత్తరాలు పంచే పిల్ల, కలం ఆమె చేతిలో ఉంటుంది. చిన్నప్పుడు హెస్టర్ దగ్గరే చదువుకుంది కాబట్టి, ఇప్పటికీ జవాబు రాసి ఆవిడ మొహంకేసి ఒకసారి చూసుకుంటుంది.

"డొడోమా," అంది హెస్టర్ విల్ఫ్ నోరు మూసీ మూయకముందే. "రాయి కొలెట్. ఈయన ఊరంతా చాటింపు వేసేలోగా."

చిత్రమేమిటంటే, విల్ఫ్ బతుకంతా పియానోలు శ్రుతి చేసి బతికాడు. పక్క బల్ల ఎల్విన్ ట్రాట్ అది పట్టుకుని వేళాకోళం చేయని వారం లేదు. "పియానోల్లో తల దూర్చి దూర్చి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి పాపం. మా చర్చి పియానో ఈయన శ్రుతి చేసిందే. పాట మొదలెడితే దేవుడు కూడా లేచి పోతాడు," అని తన మాటకి తనే పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

విల్ఫ్ కూడా నవ్వేస్తాడు. కానీ బారు వెనకాల ఎక్కడో చిప్స్ పొట్లం చిరిగిన చప్పుడయితే చాలు, తల తిప్పకుండానే "ఉల్లిపాయవైతే నాకొకటి," అని కేకేస్తాడు.

హెస్టర్ ఒకసారి నిలదీసింది కూడా. "ప్రశ్న వినబడదు గానీ చిప్స్ వినబడతాయేం నీకు?"

"ఐవర్ కంటే చిప్స్ స్పష్టంగా మాట్లాడతాయండీ టీచరుగారూ," అన్నాడు విల్ఫ్, పొట్లం అందుకుంటూ.

ఇలా సాగుతుండగా, ఆ ఏడాది "నాలుక చివర" జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ ఊరున్న లోయలోని పబ్బుల్లోంచి ఒక్కో జట్టు వచ్చి, క్రికెట్ క్లబ్బు హాల్లో బహుమతి డాలు కోసం పోటీ పడతాయి. అది చెక్కతో చేసిన డాలు, దాన్నిండా చెదలు. అయినా హెస్టర్‌కి దానిమీద ప్రాణం. రిటైరయ్యాక ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగడం లేదు, ఒక్క మంగళవారం తప్ప. ఇంకా తన దగ్గర జవాబులున్నాయని ఆ లోయకంతా ఒకసారి చూపించాలని ఆవిడ కోరిక.

అయితే ఫైనల్‌కి ఒక నియమం ఉంది. ప్రశ్న ఒక్కసారే చదువుతారు. మళ్ళీ చదవమని అడిగిన జట్టుకి ఒక మార్కు కోత.

"ఈయన్ని పెట్టుకుంటే మనకి మైనస్‌లో వస్తాయి," అంది హెస్టర్ కొలెట్‌తో, విల్ఫ్ ఎదుటే. "విల్ఫ్, ఏమీ అనుకోకు. ఫైనల్‌కి నువ్వు పక్కనుండు."

కొలెట్ తల వంచుకుని కలం మూత తీసి పెట్టింది. విల్ఫ్ గ్లాసు కింద పెట్టాడు.

"అలాగేనండీ. ఒక్కమాట మాత్రం వినండి. చదివేవాడికి ఎదురుగా, దగ్గరగా ఉన్న బల్ల చూసుకోండి."

"ఎక్కడ కూర్చోవాలో నాకు నేర్పకు నాయనా. నేను ఊరందరినీ కూర్చోబెట్టిన దాన్ని."

ఆ పట్టుదలతోనే, ఫైనల్ రోజున ఆవిడ వెళ్ళి వెళ్ళి వెనక కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. ప్రశ్నలు చదవడానికి పొరుగూరి నుంచి ఎవరో పెద్దమనిషిని పిలిపించారు. ఆయన మీసం చీపురంత ఉంది, పెదవులు దాని కిందెక్కడో ఉండాలి. ఆయన కాగితం ఎత్తి పట్టుకున్నాడు, మీసం కదిలింది. కాసేపటికి కదలడం ఆగింది. చుట్టూ బల్లల మీద అందరూ తలలు దగ్గర పెట్టుకుని రాసేస్తున్నారు.

"మొదలెట్టడేం ఈయన? గొణుక్కుంటున్నాడు," అంది హెస్టర్.

"చదివాడుగా మేడమ్. బాగానే చదివాడు," అంది కొలెట్, ఆవిడ మొహంలోకి వింతగా చూస్తూ. ఆ పిల్ల ప్రశ్నని గుసగుసగా చెప్పింది. ఆ గుసగుసా అందలేదు. ఈలోగా మీసం మళ్ళీ కదిలింది.

హెస్టర్‌కి మంగళవారాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఐవర్ చదువుతుండగా తను జవాబు చెప్పింది ఒక్కసారైనా ఉందా? లేదు. ఎప్పుడూ విల్ఫ్ అరిచాకే. ఆ అరుపు కూడా బల్లకేసి కాదు, తన చెవికేసి. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోబోతే "అది నాది" అని పోట్లాడి మరీ తీసుకునేవాడు. తలుచుకునేసరికి సిగ్గేసింది, ఆ వెనకే కోపమొచ్చింది. కోపం ఎవరి మీదో తేల్చుకుందామని హాలంతా వెతికితే, గోడవార చూసేవాళ్ళ మధ్య విల్ఫ్ కనిపించాడు. ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తోంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కిందికి లాక్కుంటున్నాడు.

ఇక ఆ కోపం నిలబడలేదు. హెస్టర్ లేచి నిలబడింది.

"అయ్యా, మళ్ళీ చదవండి."

"ఒక మార్కు పోతుందమ్మా," అన్నాడు మీసమాయన, ఈసారి గట్టిగా.

"పోనివ్వండి. నాకు వినబడలేదు." ఆ మాట ఆవిడ నోటినుంచి రావడం అదే మొదలు. "మా జట్టులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, మా మనిషి వచ్చి కూర్చోవచ్చా?"

అభ్యంతరం లేదన్నాడాయన. విల్ఫ్ చిప్స్ పొట్లంతో సహా వచ్చి, ఎప్పటిలాగే పక్కనే కూర్చుని, ప్రతి ప్రశ్ననీ ఆవిడ చెవిలో అప్పజెప్పాడు. అక్కణ్ణుంచి హెస్టర్ ఒక్కటీ వదల్లేదు. అయినా మొదట పోయినవి పోయాయి కదా, డాలు వేరే పబ్బుకెళ్ళింది.

హాలు ఖాళీ అవుతుండగా ఆవిడ అడిగింది. "నాతో ఒక్కమాట చెప్పి ఉండొచ్చుగా?"

"మీకు చెవుడని మీతో చెప్పే మొనగాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడండీ? దానికంటే నేను చెవిటివాణ్ణయితే సులువు కదా."

"ఇన్నాళ్ళూ నిన్ను నానా మాటలూ అన్నాను విల్ఫ్."

"అన్నీ వినబడ్డాయండీ," అన్నాడు విల్ఫ్, పొట్లంలో అడుగున మిగిలిన ముక్కలు ఏరుకుంటూ.

తర్వాతి మంగళవారాల్లో ఒకనాడు హెస్టర్ కొత్త చెవి మిషన్ పెట్టుకుని వచ్చింది. ఐవర్ చదివిన మొదటి ప్రశ్న అక్షరం పొల్లు పోకుండా వినబడింది. విల్ఫ్ చెయ్యెత్తలేదు. ఏం చేయాలో తోచనట్టు గ్లాసు అటూ ఇటూ జరుపుకుంటున్నాడు. కొలెట్ జవాబు కోసం కలం పట్టుకుని చూస్తోంది. అప్పుడు హెస్టర్ చూపు పక్క బల్ల మీద పడింది. ఎల్విన్ ట్రాట్ అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, ఎవరైనా చూశారేమోనని చటుక్కున జుట్టు సవరించుకున్నాడు.

హెస్టర్ చెయ్యెత్తింది. "మళ్ళీ చదువు ఐవర్. వినబడలేదు."

పబ్బంతా ఉసూరుమంది. అందరికంటే గట్టిగా ఎల్విన్ ఉసూరుమన్నాడు గానీ, ఐవర్ రెండోసారి చదవగానే గబగబా రాసుకున్నాడు.

విల్ఫ్ ఆవిడకేసి వంగి అడిగాడు. "కొత్త మిషన్ పనిచేయట్లేదాండీ?"

"లక్షణంగా పనిచేస్తోంది. నువ్వు నోరు మూసుకుని చిప్స్ తిను," అంది హెస్టర్.