చివరి టబ్బు వెనక ఊత

పంజాగుట్ట సందులో ఒక రెండో అంతస్తు ఫ్లాటు. ఆ ఆదివారం ఉదయం ముందుగదిలో ఉన్నవారు, ఉన్నవి: ప్లాస్టిక్ కుర్చీలో, బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. నేను. టీపాయ్ మీద నాలుగడుగుల చెక్క, దాని ఒక చివర కింద ఎత్తుకోసం నా ఇంజనీరింగ్ పుస్తకాలు. చెక్క మీద సన్నటి పట్టాలు. పై చివర బ్యాటరీ మోటారు, దానికి చుట్టిన నైలాన్ తాడు. కింది చివర ఏడు టబ్బులు, అంటే గనిలో బొగ్గు మోసే చిన్న బండ్లు. పట్టాల నడుమ యాభై రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మనిషి. వంటగదిలో ఆయన కూతురు చాయ్ పెడుతోంది.

ఆమె అమీర్‌పేటలో మా హాస్టల్ వంటశాల చూసుకుంటుంది. నేను అక్కడుండి డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్నాను. మిగిలిన సమయమంతా పాత గని రైళ్ల నమూనా కోసం సమాచారం వెతకడమే. ఎనిమిది నెలల్లో స్కాన్ చేసిన పాత మాన్యువళ్లు, వాలు లెక్కలు, పక్కనుంచి తీసిన ఫోటోలు చాలా పోగయ్యాయి. వాలు అడుగున నిలబడ్డ మనిషి ఏం చేసేవాడో మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఒకరోజు ఆమె నా కిటికీలో ఆరబెట్టిన టబ్బులు చూసి నవ్వింది.

"అందరు కంప్యూటర్ నేర్సుకుంటుంటే నువ్వు బొగ్గు తోడుతున్నవా తమ్మీ? మా బాపు గివే నడిపిండు."

ఆయన దగ్గరికి తీసుకెళ్తానంది. ఒక షరతు పెట్టింది. "బాపుకు గుండెల స్టెంటేసిన్రు. అప్పట్ల గనిల ఒక ప్రమాదమైంది. అది మాత్రం అడగకు. యాదికొస్తే మనిషి మనిషిగ ఉండడు."

నా దగ్గర ముప్పై ఎనిమిది ప్రశ్నలున్నాయి. తెగడం, జారడం, దెబ్బ అన్న మాటలున్న ఆరింటిని కొట్టేశాను. అయినా షేర్ ఆటోలో చెక్కను ఒళ్లో పెట్టుకుని వస్తున్నంతసేపూ ఏడో ప్రశ్న ఏదైనా మిగిలిందేమోనని కాగితం తీసి చూస్తూనే ఉన్నాను.

మొదటి అరగంట బాగానే గడిచింది. ఆయన పని వాలు అడుగున. టబ్బులను తాడుకు తగిలించి, పైనున్న ఇంజన్ మనిషికి గంట కొట్టడం. రెండు కొడితే లాగాలి, ఒకటి కొడితే ఆపాలి.

"మరీ గింత తెల్లగున్నయేంది నీ టబ్బులు? పెండ్లికి పోతున్నయా?" అన్నాడు.

"రంగు ఇంకా వేయాలండి."

"అండీ గిండీ ఎందుకు బిడ్డా, తాతా అను." తర్వాత ప్లాస్టిక్ మనిషి మీద ఆయన చూపు ఆగింది. "గీయన ఎవలు?"

"ఎవరూ కాదు తాతా. సైజు తెలియడానికి పెట్టాను."

"తాడు నడిచేటప్పుడు పట్టాల మీద మనిషుండొద్దు. తియ్యి."

గొంతు మారింది. నేను తీసి జేబులో పెట్టుకున్నాను. అక్కడితో ఆపి, చెక్క సర్దుకుని వెళ్లిపోవలసింది. కానీ ఆయన అప్పటికే కుర్చీని కింది చివరకు జరుపుకుని, స్టీలు గ్లాసు, చెంచా చేతికి తీసుకున్నాడు.

"నువ్వు పైకి పో. మోటర్ కాడుండు."

రెండుసార్లు కొట్టాడు. స్విచ్ నొక్కాను. తాడు బిగిసింది, టబ్బులు కదిలాయి. సగం వాలు ఎక్కేసరికి ఆయన ముందుకు వంగి చివరి టబ్బు వెనక్కి చూశాడు.

"ఎనుక ఊత ఏది?"

ఏ ఊతో నాకు తెలియదు. ఏ ఫోటోలోనూ నాకది కనబడలేదు. ఆయన గ్లాసు మీద ఒక్కసారి కొట్టాడు. నేను కంగారుగా స్విచ్ వదిలేశాను. ఆ కుదుపుకు మొదటి టబ్బు కొక్కెం ఊడింది. ఏడు టబ్బులూ వెనక్కి దిగి, పట్టాలు దాటి, ఆయన కుర్చీ ముందు నేల మీద పడ్డాయి. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

అలాగే ఉండిపోయాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. నుదుటి మీద చెమట.

కూతురు చాయ్ వదిలేసి పరుగున వచ్చింది. "ఏం అడిగినవ్ తమ్మీ?"

"ఏం అడగలేదక్కా."

అది నిజమే. అంతకంటే ఘోరమైన పని చేశాను.

ఆమె డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఛాతీలో నొప్పి ఉందా అని డాక్టరు అడిగాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు, లేదని ఆమె చెప్పింది. నాడి ఎంతుందో నిమిషం పాటు లెక్కపెట్టమన్నాడు. ఆమెకు నాడి దొరకలేదు. నేను మణికట్టు పట్టుకుని ఫోన్లో గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నూట ఇరవై ఆరు.

"పది నిమిషాలాగి మళ్లీ చూడండి. వంద పైనే ఉన్నా, నొప్పి మొదలైనా వెంటనే తీసుకురండి," అన్నాడు డాక్టరు.

ఆమె తండ్రి కాళ్లు కిందికి దింపి, చెప్పులు తీసి పక్కన పెట్టింది. ఆటో మాట్లాడి ఉంచనా అని అడిగాను. ఆగమన్నట్టు చెయ్యి చూపింది. నేను మణికట్టు వదలలేదు. వదిలితే ఆగిపోతుందేమో అనిపించింది.

"ఊతంటే ఇనుప కడ్డీ," అన్నాడాయన. "మనిషంత పొడుగు. ఎనుక టబ్బుకు కట్టాలె, నేల మీద గీసుకుంట వస్తది. తాడు తెగితే నేలల దిగుతది, టబ్బును బోర్లేస్తది. కిందికి రానియ్యది."

"బాపూ, వద్దు," అంది కూతురు.

"ఆ దినం కట్టలే."

"ఎవరు?" అనేసింది ఆమె. ఇన్నేళ్లుగా అడగకుండా ఉన్న మాట ఆమె నోటి నుంచే వచ్చింది.

"కట్టుడు నా పనే గదా. జల్దీ కావాలని గంట కొట్టిన. వాలు మీద టబ్బుల ఎనుకనే ఒక మనిషి నడుస్తుండు. తాడు తెగింది."

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నా వేళ్ల కింద నాడి ఒకసారి తడబడి, మళ్లీ పట్టాలెక్కినట్టు కొట్టుకుంది. వంటగదిలో చాయ్ మాడిన వాసన వస్తోంది. ఎవరూ లేవలేదు.

ఫోన్లో పది నిమిషాలు పూర్తయ్యాయి. ఇంకేదో చెప్పబోయాడాయన. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కళ్లు మూసుకుని చేతిని నా వైపు ఇంకొంచెం జరిపాడు. అరవై సెకన్లు లెక్కపెట్టాను.

తొంభై ఆరు.