బరాత్ గుర్రం కడుపు

తెలంగాణ ఇంకా రాని రోజులవి. మా నాయన బొగ్గుబాయి కార్మికుడు. డ్యూటీ లేనప్పుడు మా తెల్లగుర్రంతో పెండ్లి బరాత్‌లకు పోయేవాడు. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో ఉండేది అది. బరాత్ ఉన్న రోజు పొద్దున్నుంచి దానికి గడ్డి వెయ్యకూడదు. పెండ్లికొడుకును మోస్తూ అందరి ముందు లద్దె వేస్తే పరువు పోతుందట. పరువు మనుషులది, పస్తు గుర్రానిది. నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు ముహూర్తాలు వరసగా వచ్చాయి. గుర్రం దాణా సగంలోనే వదిలేసేది, పళ్ళు నూరేది. ఒంటి నిగనిగ పోయింది. జీను పట్టీ బిగిస్తే చాలు, మెడ తిప్పి పొట్టవైపు చూసి కాలు విసిరేది. నాయన పొగరన్నాడు. అమ్మ దిష్టని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. చివరికి నాయన దాన్ని అమ్మేస్తానన్నాడు. తన్నే గుర్రాన్ని కొన్నవాడు ఎట్లా చూస్తాడో నాకు తెలియనిదా?

ఎవరినీ అడగకుండా దాన్ని నడిపించుకుంటూ కమాన్‌పూర్ పశువుల దవాఖానకు పోయాను. డాక్టర్ తిండి సంగతంతా అడిగి, కడుపులో పుండ్లు అయ్యుండొచ్చన్నాడు. గొట్టం వేసి చూస్తేగానీ ఖాయంగా చెప్పలేమట, ఆ సామాను అక్కడ లేదు. గుర్రం కడుపులో తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుందట. గడ్డి పడకపోతే అది కడుపు గోడనే తింటుందట. మందు రాసిచ్చి, దాణా తగ్గించి ఎండుగడ్డి ఎప్పుడూ ముందర ఉంచమన్నాడు. కొన్నాళ్ళు పని మాన్పించమన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాయన జీనుతో ఎదురుచూస్తున్నాడు. సాయంత్రం బరాత్‌కు మాటిచ్చాడు. నేను గుర్రాన్ని షెడ్డులో కట్టేసి తలుపుకు అడ్డం నిలబడ్డాను. డాక్టర్ చెప్పిందంతా చెప్పాను.

"నువ్వు సద్ది తినకుండ ఏనాడన్న బాయిల దిగినవా నాయనా? మరి దాన్నెందుకు పస్తు పంపుతవ్?"

నాయన జీను కిందపెట్టి, పెండ్లివాళ్ళకు జీపు మాట్లాడటానికి పోయాడు.

మందుతో, గడ్డితో అది మెల్లగా తేరుకుంది. పట్టీ బిగించినా ఊరుకుంది. తర్వాతి బరాత్‌కు గడ్డిమోపు, తట్ట పట్టుకుని నేనూ వెంట నడిచాను. ఆడపిల్లకు బరాత్ వెంట ఏం పనని కాలనీలో అన్నారు. అననీ.

బ్యాండు మోగుతుండగా, సరిగ్గా పెండ్లి పందిరి ముందు, మా గుర్రం లద్దె వేసింది. జనం పగలబడి నవ్వారు. నాయన తల దించుకున్నాడు. నేను దించుకోలేదు. అందరూ చూస్తుండగా లద్దెను తట్టలోకి ఎత్తి, నవ్వినవాళ్ళకు వినబడేట్టే చెప్పాను.

"మా గుర్రం కడుపు నిండ తిన్నది. గందుకే ఏసింది. నవ్వుకోండ్రి."