జుట్టు కంటే ముందు లేవాల్సిన చెయ్యి

పక్కింటి పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున్నే ఆమె ఆడబిడ్డ మా తలుపు కొట్టి చెప్పింది. ఆసుపత్రి వాళ్లు ముందే చేతులెత్తేశారు కాబట్టి ఎదురుచూస్తున్న కబురే. అయినా పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

శామీర్‌పేట రోడ్డు మీద చేపలు అమ్మేది పెద్దమ్మ. బేరమాడితే చేప పొలుసు కన్నా ముందు మన పరువు గీకేసేది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఆమె కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. మందులకు జుట్టంతా రాలిపోయింది. ఆమె దిగులు మాత్రం రోగం గురించి కాదు, కొప్పు గురించి. ఒకరిచేత తల దువ్వించుకోవడమంటే ఆమెకు చచ్చేంత నామోషీ. చెయ్యి కదపకపోతే బిగుసుకుపోతుందని, గోడ మీద వేళ్లను మెల్లగా పైకి పాకించమని ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. రోజూ కాస్త నడిస్తే నీరసం తగ్గుతుందని కూడా చెప్పింది. ఇక చూడండి పెద్దమ్మ పట్టుదల.

"జుట్టొచ్చేటాల్లకు చెయ్యి లేవాలె బిడ్డా. లేకుంటే నా తల ఇంకొకలు దువ్వుతరు," అంది నాతో.

ఆ ఇంకొకరు ఆడబిడ్డే. సేవ చేయడానికి కుత్బుల్లాపూర్ నుంచి దిగింది. ఆవిడ లెక్కలో రోగి అన్నాక మంచం మీదే ఉండాలి. చూడవచ్చినవాళ్లు బ్రెడ్డూ బత్తాయిలూ పక్కన పెట్టి బాధపడటానికి వీలుండాలి. తీరా వాళ్లొస్తే పెద్దమ్మ గోడకు బల్లిలా అతుక్కుని ఉండేది. కుట్లు ఊడతాయని ఆడబిడ్డ మొత్తుకునేది. కుట్లు విప్పి ఎన్నాళ్లయిందో తెలుసా అని పెద్దమ్మ తల తిప్పకుండానే జవాబిచ్చేది. ఒకసారి చుట్టాలొచ్చే వేళకు ఆడబిడ్డ ఆమెను బలవంతంగా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. వాళ్లు అయ్యో పాపం అంటుండగా దుప్పట్లోంచి ఒక చెయ్యి మెల్లగా లేచింది, దిగింది, మళ్లీ లేచింది. దీవిస్తోందనుకుని ఒక ముసలాయన దండం పెట్టాడు.

నన్నూ వదల్లేదు. తుర్కపల్లిలో నేను పనిచేసే కంపెనీ కారు కోసం రోడ్డు మీద నిలబడితే, ఊరికే నిలబడటమెందుకని చెరువు కట్ట దాకా లాక్కెళ్లేది. డ్రైవరు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాడు. నాకు ఒళ్లు మండి, నాకేం రోగం లేదు కదా అన్నాను ఓరోజు.

"గందుకే నడువు," అంది.

జుట్టు మెడ దాకా వచ్చింది. చెయ్యి చెవి దగ్గరే మొరాయించింది. ఆడబిడ్డ దువ్వెన కొని సిద్ధంగా పెట్టుకుంది. అలాంటిది, ఒక పొద్దున పెద్దమ్మ మా వాకిట్లోకొచ్చి, వెనక్కి తిరిగి నిలబడింది. నిమ్మకాయంత కొప్పు, ఒక పక్కకు ఒరిగి ఉంది. నాకు ఏడుపొచ్చింది. మస్తుంది పెద్దమ్మా అన్నాను.

తర్వాత రోగం తిరగబెట్టింది. ఈసారి ఏ కసరత్తూ ఆమెను మంచం దింపలేకపోయింది. అయినా పోయే ముందురోజు కూడా దిండుకు ఆనుకుని, ఆయాసపడుతూ, కొప్పు తనే వేసుకుందట.

చివరి స్నానానికి ఆడవాళ్లం చేరాం. ఎవరో కొప్పు విప్పబోతే ఆడబిడ్డ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పకుండ్రి. ఇప్పితే లేసి మల్ల ఏసుకుంటది."

ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చెంబుతో నీళ్లు తీసుకుని, కొప్పు చెదరకుండా అరచెయ్యి దాని మీద ఉంచి, మెల్లగా పోసింది.