లౌంజ్ లోపల ఏముంటది

మా అక్క అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడిపేది. కోచింగ్ సెంటర్లలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఎప్పుడూ నలభై మందికి తగ్గేవారు కాదు. బావ పోయిన మరుసటి ఏడాది మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లు ఆమే వంటమనిషి, ఆమే వార్డెను, జ్వరం వచ్చిన పిల్లకు ఆమే తల్లి. తెల్లవారకముందే పొయ్యి ముందు నిలబడేది. టిఫిన్లు, డబ్బాలు అయిపోయాక పదకొండింటికి పంజాగుట్టలో నా షాపుకు వచ్చేది. నాది టైలరింగ్. మా నాయన సిరిసిల్లలో మరమగ్గం నడిపాడు, నేను కుట్టుమిషన్ దగ్గర స్థిరపడ్డాను. అక్క వచ్చి కటింగ్ బల్ల మీద నా అన్నం డబ్బా పెట్టి, అయిదు నిమిషాలు నిలబడే మాట్లాడి వెళ్లిపోయేది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని అనేది.

మా చిన్నాయన కుటుంబం మగ్గాల పని వెతుక్కుంటూ ఎప్పుడో సూరత్ వెళ్లి అక్కడే ఉండిపోయింది. పోయిన ఏడాది వాళ్లింట్లో పెళ్లి. రైలు ప్రయాణం అక్క మోకాళ్లు తట్టుకోవని నేనే విమానం టికెట్లు తీశాను. ఆమెకు అదే మొదటిసారి. సెక్యూరిటీ దగ్గర ఒళ్లంతా తడిమి పంపిస్తే చిన్నపిల్లలా నవ్వింది. లోపలికి వెళ్లాక బోర్డు మీద చూస్తే మా విమానం నాలుగు గంటలు ఆలస్యం.

ఇద్దరం గేటు దగ్గర ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా ఒక అద్దాల తలుపు. కొందరు అక్కడ కార్డు చూపించి లోపలికి పోతున్నారు.

"గదేంది తమ్మీ?" అంది అక్క.

"లౌంజ్ అంటరక్కా. పైసలు కట్టి పోవాలె."

"లోపల ఏముంటది?"

"మెత్తటి కుర్చీలుంటయట. ఇడ్లీ, ఉప్మా, కాఫీ, ఏది కావాల్నంటే గది, తిన్నంత."

ఆమె కాసేపు ఆ తలుపు వైపే చూసింది. "పోదామా?" అంది. "పద్దెనిమిదేండ్ల సంది నేను వండిందే నేను తింటున్న. ఇంకెవరన్న వండింది ఒక్కపూట కూసోని తినాలనిపిస్తున్నది."

అంతకుముందు ఎప్పుడూ అక్క నన్ను ఏదైనా అడిగిన గుర్తు నాకు లేదు. నేను వెళ్లి రేటు కనుక్కొని వచ్చాను.

"ఒక్కొక్కలకు ఒక ప్యాంటు, రెండు షర్టుల కుట్టుకూలి అయితదక్కా. ఉప్మాకు గంతనా? పాగల్ గాళ్లమా మనం?"

అక్క నవ్వింది. "వద్దు తియ్ మరి" అంది. నేను కూడా నవ్వాను. అక్కడితో అయిపోయి ఉంటే ఈరోజు ఇది రాయాల్సిన పని లేదు.

పది నిమిషాలు గడిచాయో లేదో, చక్రాల బ్యాగు లాక్కుంటూ పోతున్న ఒక అమ్మాయి ఆగి వెనక్కి తిరిగింది.

"ఆంటీ! మీరేంటి ఇక్కడ?"

ఆరేళ్ల కిందట అక్క హాస్టల్లో ఉన్న పిల్ల. భీమవరం వైపు అమ్మాయి. ఇప్పుడు పుణేలో ఉద్యోగమట. అక్క మెడ చుట్టూ చేతులు వేసి అలాగే ఉండిపోయింది. టైఫాయిడ్ వచ్చినప్పుడు అక్క తనకు ఇరవై రోజులు జావ కాచి తాగించిన సంగతి నాకు చెప్పింది. తర్వాత మా కుర్చీలు చూసింది.

"నాలుగు గంటలు ఇక్కడ కూర్చుంటారా? రండి ఆంటీ, నాతో లౌంజ్‌కి రండి. నా కార్డు మీద ఒక గెస్ట్‌కి ఫ్రీ." నా వైపు తిరిగి కొంచెం ఇబ్బందిగా అంది: "మీరేమీ అనుకోకండి అంకుల్, ఒక్కరికే ఇస్తారు."

అక్క అప్పటికే సగం లేచింది. చేతిసంచి భుజానికి తగిలించుకుంది. ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి నా వైపు చూసింది.

నేను "పర్వాలేదమ్మా" అన్నాను. "మేం ఈడనే కూసుంటం. మాకు అలవాటే."

ఎందుకన్నానో చెప్పుకోవడానికి చాలా కారణాలు వెతికాను. సామాన్లు చూసుకోవాలి అనుకున్నాను. ఒక్కణ్నే ఎలా కూర్చోను అనుకున్నాను. అవేవీ కావు. నేను ఇప్పుడే వద్దన్నదాన్ని ఎవరో పరాయి పిల్ల ఊరికే ఇస్తానంటే నాకు చిన్నతనం అనిపించింది. అంతే. ఆ చిన్నతనం అక్కది కాదు, నాది. కానీ "మేం" అన్నాను.

అక్క మెల్లగా మళ్లీ కూర్చుంది. "తమ్మి ఒక్కడే అయితడు బిడ్డా. నువ్వు పో" అంది. ఆ అమ్మాయి రెండుసార్లు బతిమాలి, అక్క ఫోన్ నంబరు మారలేదు కదా అని అడిగి వెళ్లిపోయింది. తలుపు తెరుచుకున్నప్పుడు కాఫీ వాసన వచ్చింది.

మేం అక్క కట్టుకొచ్చిన చపాతీలే తిన్నాం. మూడో గంటకు ఆమె కాళ్లు వాచాయి. చెప్పులు విడిచి పాదాలు సంచి మీద పెట్టుకుంది. మెట్టెలు తీసేసి ఇన్నేళ్లయినా కాలివేళ్ల మీద ఆ తెల్లటి గుర్తులు అలాగే ఉన్నాయి. లేచి కాస్త నడవమన్నాను. మోకాళ్లు పట్టేశాయంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా మాత్రం తల తిప్పి చూసేది.

పెళ్లి బాగా జరిగింది. తిరిగి వచ్చిన పదహారో రోజు పొద్దున హాస్టల్ వంటింట్లో పప్పుకు పోపు పెడుతూ అక్క గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. అక్క కూతురు, నా మేనకోడలు ఫోన్ చేస్తే పంజాగుట్ట నుంచి ఆటోలో పరుగెత్తాను. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

"ఈ మధ్య దూరం ప్రయాణం ఏమైనా చేసిందా? గంటల తరబడి కదలకుండా కూర్చుందా?" అని అడిగాడు.

"సూరత్ పోయినం సార్. ఫ్లైట్ల. గంటన్నర" అన్నాను.

గంటన్నరకు ఏమీ కాదన్నాడు. షుగరు ఉంది, ఒళ్లు ఉంది, ఏళ్ల తరబడి నిలబడి చేసిన పని ఉంది, వీటిలో ఏదైనా కావచ్చు, ఫలానా దానివల్లే అని చెప్పలేం అన్నాడు. మిగతా నాలుగు గంటల సంగతి నేను చెప్పలేదు. చెప్పినా ఆయన ఆ మాటే అని ఉండేవాడేమో. ఇప్పుడు నాకు తెలిసే దారి లేదు. పక్కనే మేనకోడలు నిలబడి ఉంది.

అక్క పోయిన పదకొండో రోజు చుట్టాలంతా కూర్చున్నప్పుడు ఆ విమానం కథ చెప్పాను. అక్క లౌంజ్‌కు పోదామనడం, నేను రేటు చెప్పడం, "వద్దు తియ్ మరి" అని అక్క నవ్వడం. అందరూ తడి కళ్లతో నవ్వారు. భీమవరం అమ్మాయి ఆ కథలో లేదు. విస్తళ్లలో అన్నం వడ్డిస్తున్న మేనకోడలు నా ముందు ఒక్క క్షణం ఆగి ముందుకు పోయింది. తర్వాత ఆ కథ చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చివర "ఏముంటది లోపల, అంతా డొల్ల" అని కలిపేవాణ్ని.

కథ ఎంత బాగా కుదిరిందో, అక్క అంతగా నన్ను విడవలేదు.

పదకొండింటికి షాపు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది. కత్తెర ఆపి చూస్తే మెట్లు ఖాళీ. అమీర్‌పేట మెట్రోలో రైలు మారేటప్పుడు ముందు నడుస్తున్న ఎవరో ఒకామె కుడివైపు ఒరిగి నడిచేది, అచ్చం అక్కలాగే. జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి మొహం చూసేవాణ్ని. నా షాపులో బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గది ఉంది. దాని కర్టెన్ నేలకు జానెడు పైకి ఉంటుంది. ఒక మిట్టమధ్యాహ్నం ఆ కర్టెన్ కింద రెండు పాదాలు చూశాను. చెప్పుల్లేవు. వాచి ఉన్నాయి. వేళ్ల మీద తెల్లటి గుర్తులు. షాపులో కస్టమర్లెవరూ లేరు. కత్తెర బల్ల మీద పెట్టాను. తర్వాత వెళ్లి కర్టెన్ లాగాను. అద్దం, అద్దంలో మెడలో టేపు వేసుకున్న నేను.

మా ఆవిడకు చెప్పాను. "జర ఎవరికన్న చూపిచ్చుకో" అంది. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి పేరు ఎత్తకుండా ఆ మాట అనడానికి ఆమె ఎంత కష్టపడిందో తెలుస్తూనే ఉంది.

ఉద్యోగం పని మీద నెలకు రెండుసార్లు విమానం ఎక్కే కస్టమర్ ఒకాయన ఉన్నాడు. కోటు కొలతలిస్తూ ఉంటే అడిగాను, లౌంజ్‌కు పైసలు పెట్టడం దండగేనా అని.

"మస్తు బేకార్ అన్నా. లోపట సుత లైనే. ఉప్మా సల్లగుంటది. కూసుందామంటే కుర్చీ దొరకదు."

ఆ మాటలు నాకు ఎంత హాయిగా అనిపించాయో చెప్పలేను. ఆయన చేత ఇంకో రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆ వారమే అనుకున్నాను, నా కళ్లతో చూడాలని. లోపల ఏమీ లేదని చూస్తే చాలు, అక్క నష్టపోయింది ఏమీ లేదని తేలిపోతుంది.

ఒక హోటల్ యూనిఫారాల ఆర్డరు కోసం సూరత్ వెళ్లి బట్ట తేవాల్సి వచ్చింది. ఎప్పుడూ రైల్లోనే పోయేవాణ్ని. ఈసారి విమానం టికెట్ తీశాను. మూడు గంటల ముందే వెళ్లి, తలుపు పక్కనున్న బల్ల దగ్గర ఒక్కడికి డబ్బు కట్టి, అద్దాల తలుపు తోశాను.

మొదట అంతా నేను కోరుకున్నట్టే ఉంది. జనం కిక్కిరిసి ఉన్నారు. ప్లేటు కోసం వరుస. మిషన్ కాఫీ నీళ్లలా ఉంది. ఉప్మా ముట్టుకుంటే చల్లగా తగిలింది. పండగ బజార్లో తిరుగుతున్నవాడిలా ఒక్కొక్క లోపం వెతుక్కుంటూ తిరిగాను. నిజంగా సంతోషం వేసింది.

ఆ హాలు చివర ఒక మలుపు ఉంది. మలుపు తిరిగితే చప్పుడంతా ఆగిపోయింది. పెద్ద కిటికీ ముందు పొడుగాటి వాలుకుర్చీలు వరుసగా ఉన్నాయి. కాళ్లు బారచాపుకోవడానికి ముందు మెత్తటి దిండు. ఒక ముసలావిడ మేజోళ్ల పాదాలు పైన పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతోంది. ఆమె పక్క కుర్చీ ఖాళీ.

నేను నిలబడిపోయాను. దోసెలు పోసే దగ్గర నుంచి ఒకావిడ నన్ను చూసి వచ్చింది. నా వయసే ఉంటుంది. మన దిక్కు మాట.

"కూసో అన్నా. ఏం తింటవ్? ఉప్మా జోలికి పోకు, సల్లబడ్డది. దోసె పోసుకొస్త."

కూర్చున్నాను. ఆమె వేడి దోసె తెచ్చి నా ఒళ్లో ప్లేటు పెట్టి, నీళ్లు పక్కన పెట్టింది. "ఇంకోటి సుత తెస్త, ఫికర్ లేదు, మెల్లగ తిను" అంది. ఎవరో వండింది, కూర్చున్నచోటికి తెచ్చి, మెల్లగా తినమని చెప్పడం. కాళ్లు పైన పెట్టుకునే కుర్చీ. డబ్బుకు తగినదా అంటే తగినదే. ఆ రేటుకు రెండింతలు పెట్టినా తగినదే. పైగా ఆ రోజు అక్కకు అది ఊరికే వచ్చింది.

"బాగలేదా అన్నా?" అందామె, నేను తినకపోవడం చూసి.

"బాగుందమ్మా" అన్నాను. పక్క కుర్చీ వైపు చూడకుండా మొత్తం తిన్నాను. చూస్తే అక్కడ ఎవరు కనిపిస్తారో నాకు తెలుసు.

సూరత్ నుంచి వచ్చిన రోజే బట్టల మూట షాపులో పడేసి అమీర్‌పేట వెళ్లాను. ఇప్పుడు హాస్టల్ మేనకోడలే నడుపుతోంది. వంటింట్లో నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మ లౌంజ్ సంగతి ఒకటి నీకు చెప్పలే బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి వచ్చి పిలవడం, అక్క సగం లేవడం, నేను అన్న మాట, వాచిన కాళ్లు, డాక్టరుకు దాచినది, అన్నీ చెప్పాను. లోపల ఏముందో కూడా చెప్పాను.

ఆమె చేతులు ఆగలేదు.

"నాకెర్కే మామా" అంది. "అమ్మ పోయిన మూడో దినం ఆ పిల్ల ఫోన్ చేసింది. ఏడ్చుకుంట అంతా చెప్పింది. గట్టిగ చెయ్యి పట్టి తీస్కపోవాల్సి ఉండె అనుకుంట ఏడ్చింది."

"మరి నన్నెందుకు అడగలే?"

"నువ్వే చెప్తవేమో అని చూసిన. పదకొండో దినం చెప్పినవ్ గద, ఆ పిల్ల లేకుంట. అందర్నీ నవ్విచ్చినవ్. ఆ తర్వాత ఎన్నిమాట్ల చెప్పినవో నాకు లెక్క లేదు."

ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఈ వంటింట్లో ఆమె చేతి అన్నం ఎన్నిసార్లు తిన్నానో.

"నా వల్లనే పోయిందంటవా?" అని అడిగాను. అడగకూడదని అనుకుంటూనే అడిగాను.

"నాకేం తెల్సు" అంది. మొదటిసారి తల ఎత్తి, "ఆ పిల్ల లోపటికి పోయినంక అమ్మ ఏమన్న అన్నదా?" అంది.

"ఏమనలే. తలుపు దిక్కు చూసుకుంట కూసున్నది."

ఆమె తలూపింది. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచి, కుళాయి కిందికి వెళ్లింది. నీళ్ల చప్పుడులో ఇంకేమైనా అంటుందేమో అని కూర్చున్నాను. పైనుంచి పిల్లలు అన్నానికి దిగడం మొదలుపెట్టారు. ఆమె వాళ్లకు వడ్డించింది, అందరినీ పేరు పెట్టి పిలిచింది. నేను చెప్పులు తొడుక్కుంటూ పోయొస్తానన్నాను. ఆమె సరే అంది. మామా అనలేదు.