జీపు చట్రంలో వెనక రెండు అతుకులు

1987 జూన్ 9. నారాయణఖేడ్‌లో నా వెల్డింగ్ దుకాణం. ఉన్నవాళ్లు: నేను, జీపు డ్రైవరు, చేతికి కట్టుతో అతని బావమరిది.

నెల కిందట ఆ జీపు కంగ్టి దారిలో బోల్తాపడి బావమరిది చెయ్యి విరిగింది. జీపుకు పైన గుడ్డ తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పడితే జనం తలలు నలగకుండా లోపల ఇనుప పైపులతో చట్రం కట్టమని డ్రైవరు అడిగాడు.

పైపుకు పైపు అతకాలంటే ఒకదాని కొసను రెండోదాని గుండ్రానికి సరిపడేలా ఒంపుగా కోయాలి. నేను కాగితం చుట్టి ఒంపు గీసి, ఆక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో రాకేవాణ్ని. రెండూ ఆనిస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. ఒక్కో కొసకు గంట పట్టేది. మొత్తం పది అతుకులు. ఆ తొమ్మిదో తేదీ పనికి రెండో రోజు; మధ్యాహ్నానికి ఎనిమిది అయ్యాయి.

“ఏంది మిస్త్రీ, పైపును రాకుతున్నవా, పెండ్లికొడుకును తయారు చేస్తున్నవా?” అన్నాడు డ్రైవరు. “రేపు పొద్దుగాల పెండ్లోళ్లను కంగ్టికి తోలాలె. జల్దీ కానియ్యి.”

“రాకనియ్యి బావా,” అన్నాడు బావమరిది. “నీ తోలుడుకు నాకు ఒక్క చెయ్యే మిగిలింది.”

రోజూ నాలుగింటికి కరెంటు పోయేది, ఆలోపే ముగించాలి. ఇనుప గేట్లకు మా దగ్గర అందరం చేసేదే, మిగిలిన ఆ రెండు అతుకులకూ చేశాను. కొసలు తిన్నగా కోసి, సందుల్లో వెల్డింగ్ రాడ్ ముక్కలు కుక్కి, పైన కరిగించి పూడ్చాను. గ్రైండర్‌తో నున్నగా చేసి నల్లరంగు పూశాను. అన్నిటికన్నా ఆ రెండే అందంగా కనబడ్డాయి. కానీ గేటు ఎన్నడూ బోల్తాపడదు.

బావమరిది మంచి చేత్తో వెనక పైపు పట్టుకుని ఊపాడు.

“గట్టిగుంది. రేపు నేను గీ యెనక సీట్లనే కూసుంట.”

నేను తలూపాను.

ఏ పని చేసినా ఎలా చేశానో డైరీలో రాయడం నాకు అలవాటు. ఆ సాయంత్రం “చట్రం పూర్తి, పది అతుకులు” అని రాశాను. ఆ పైన కలం సాగలేదు.

మరునాడు తెల్లవారగానే సుత్తి పట్టుకుని బస్టాండుకు పోయాను. పెళ్లివాళ్లు అప్పటికే జీపెక్కారు. వెనక సీటులో బావమరిది, అతని ఒళ్లో ఎవరిదో పసిపిల్ల. అందరినీ దిగమన్నాను.

“పొద్దుపొద్దుగాల ఏం పరేషాన్ మిస్త్రీ?” అన్నాడు డ్రైవరు.

వెనక అతుకు మీద కొట్టాను. మూడో దెబ్బకు రాడ్ ముక్క ఊడి సీటు మీద పడింది. ఇంకో రెండు దెబ్బలకు పైపు విడిపోయింది.

డ్రైవరు ఆ ముక్కను తీసి చూశాడు. పెళ్లివాళ్ల వైపు తిరిగి, “వేరే జీపు మాట్లాడుకోండ్రి” అన్నాడు.

బావమరిది నా దగ్గరికి వచ్చాడు.

“నిన్న నేను ఊపినప్పుడు నీకు ఎరుకనే గదా?”

“ఎరుకనే” అన్నాను.

అతను పసిపిల్లను వాళ్లమ్మకు ఇచ్చేసి, నా వైపు చూడకుండా బస్సుల దిక్కు నడిచాడు.