పడవ మీద బంతి భోజనం

కోయిలకుంట్లలో కేశవయ్య పడవ కొన్నాడన్న కబురు విని నవ్వనివాడు లేడు. కందిపప్పు, చింతపండు అమ్ముకుంటూ ముప్పైఎనిమిదేళ్లు గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి. ఈత మాట దేవుడెరుగు, మోకాలి లోతు నీళ్లలో దిగి ఎరుగడు. కొట్టు కొడుక్కి అప్పజెప్పి, స్నేహితులతో గోదావరి చూడబోయి, మనసు అక్కడే పారేసుకుని వచ్చాడు. ఆర్నెల్లు తిరక్కుండానే గోదావరి వైపు నుంచి పాత టూరిస్టు పడవ ఒకటి లారీ మీద వచ్చి అవుకు రిజర్వాయరులో దిగింది. రేకుల కప్పు, రెండు చిన్న గదులు, వెనక వంటిల్లు, ముందర పదిమంది కూర్చునే వసారా. ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి కాగితాలు సంపాదించి, నడిపేందుకు యేసుప్రసాద్ అనే సరంగును పెట్టుకుని, కేశవయ్య అందులోనే కాపురం మొదలుపెట్టాడు.

కాపురమంటే ఒంటి కాపురమే. భార్య సుబ్బరత్నమ్మ రానంది.

సుబ్బరత్నమ్మ రానంటే ఆ మాటకు తిరుగుండదు. పద్దెనిమిదో ఏట ప్రొద్దుటూరు నుంచి కోడలుగా వచ్చింది. భారీ మనిషి, కోపం కూడా భారీగానే ఉంటుంది. అత్త ఉన్నన్నాళ్లు వంటింట్లో, అత్త పోయాక వంటింట్లోనూ కొట్లోనూ ఉంది. రైతు మూట దించగానే "రెండు కిలోలు తక్కువుండాది" అనేది. కాటా మీద పెట్టి చూస్తే సరిగ్గా రెండు కిలోలే తక్కువుండేది. కొన్నాళ్లకు రైతులు కాటాను వదిలేసి ఆమె ముఖం చూడటం మొదలుపెట్టారు.

అయినా ఆమెకు పేరు తెచ్చింది ఆ చూపు కాదు, అన్నం పెట్టే తీరు. వచ్చినవాళ్లని తూర్పు ముఖంగా ఒక వరుసలో కూర్చోబెట్టి, విస్తరాకు వేసి, రెండు చేతులు అడ్డం పెట్టి "ఇంక చాలు తల్లీ" అని మొత్తుకునే దాకా వడ్డించేది. బంతిలో కూర్చున్న మనిషిని మధ్యలో లేపడమంటే ఆమెకు మహాపాపం. ఒకసారి ఇంట్లో పెళ్లికి వాన ముంచుకొస్తే, పందిరి కొసన టార్పాలిన్ పట్టుకుని అరగంట తడుస్తూ నిలబడింది గానీ బంతిని లేపలేదు. మర్నాడు జ్వరం వచ్చింది, అది వేరే సంగతి.

"నీళ్ల మీద ఇల్లేంది?" అనేది భర్తతో. "వచ్చినోళ్లకు బంతేసి అన్నం పెట్టలేని చోటు ఇల్లెట్లయితాది?"

నాలుగు నెలలు కేశవయ్య ఫోనులో బతిమాలాడు. చివరికి ఆమే ఒక షరతు పెట్టింది. "ఒక్క ఆదివారం వస్తా. మీ స్నేహితుల్ని పిలవండి. ఇంట్లో ఎట్ల పెడతానో ఆడ కూడా అట్లే పెడతా. సక్రమంగా జరిగితే పడవలోనే ఉంటా. జరగలేదా, పడవ అమ్మేసి మీరు ఇంటికి రావల్ల."

కేశవయ్య సరేనన్నాడు. ఇద్దరూ మాట తప్పే మనుషులు కారు. అందుకే ఆ వారమంతా అతనికి కంటి మీద కునుకు లేదు.

శనివారం ఆమె దిగింది. ఆటోలో బియ్యం బస్తా, పప్పులు, నెయ్యి డబ్బా, ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు పది. అవి ఒక్కొక్కటే పడవలోకి మోసేసరికి యేసుప్రసాద్‌కు నడుము పట్టేసింది.

"అమ్మా, చుట్టూరా ఇన్ని నీళ్లు పెట్టుకొని నీళ్లు తెచ్చినారా?"

"కంటికి కనపడే నీళ్లన్నీ మనవి కాదు నాయనా. ఈ సీమలో పుట్టినావు, అది కూడా తెలీదా?" అంది ఆమె. ఆ సాయంత్రం పళ్లాలన్నీ ఒకే చెంబు నీళ్లతో కడిగింది. రిజర్వాయరు నడిమధ్యలో నీళ్లు పొదుపు చేసిన మనిషిని యేసుప్రసాద్ అంతకుముందు చూడలేదు.

ఆదివారం మూడు జంటలు వచ్చాయి. అందరికంటే ముందు ఓబుళేశు, అతని భార్య స్వర్ణలత. ఓబుళేశు పెద్ద రైతు, కేశవయ్యకు బడినాటి స్నేహితుడు, క్వింటాలుకు కొంచెం తక్కువ బరువుంటాడు. పడవ కదిలింది. నీటికాకులు లేచాయి, కొండలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. ఓబుళేశు కమ్మీ పట్టుకుని చిన్నపిల్లాడైపోయాడు.

"సెట్టీ, బిందెడు నీళ్లకు మాయమ్మ రెండు మైళ్లు నడిచేదప్పా. ఆయమ్మ కొడుకును నేను, నీళ్ల మీద షికారు పోతాండా చూడు!"

సుబ్బరత్నమ్మ ఇవేమీ చూడలేదు. పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చడంలో మునిగిపోయి ఉంది. మధ్యాహ్నానికి నీళ్ల నడుమ ఇంజను ఆపారు. ఆమె బయటికి వచ్చి, కొంగుతో చెమట తుడుచుకుని, "తూర్పు ఏ పక్క?" అని అడిగింది. యేసుప్రసాద్ చూపించాడు. ఆమె పడమటి వైపు కమ్మీ వెంబడి చాప పరిచి, ఆరుగురినీ ఒకే వరుసలో తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది. ఎదుటి వైపంతా ఖాళీ. ఇంట్లో అయితే అంతకంటే సక్రమమైన బంతి ఉండదు.

పప్పు వేసింది, గుత్తివంకాయ వేసింది, ఓళిగ మీద నెయ్యి వేసింది. అన్నం మధ్యలో గుంట చేసుకోమని చారు పోసింది. చారు ఆ గుంటలో ఆగలేదు. అన్నం దాటి, ఆకు దాటి, తిన్నగా ఓబుళేశు పంచె మీదికి వచ్చింది. పక్కన స్వర్ణలత చీర మీదికి వచ్చింది. అప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు, పడవ పడమటికి ఒరిగి ఉందని.

"భయమేమీ లేదు, మునగదు!" అని యేసుప్రసాద్ వెనక నుంచి అరిచాడు. "ముగ్గురు లేచి ఆ పక్కకు పోండి, సరిపోతాది!"

ఓబుళేశు లేవబోయాడు.

"లేస్తే నా మీద ఒట్టే!" అంది సుబ్బరత్నమ్మ. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కేశవయ్య ముఖం పాలిపోయింది. బంతి లేస్తే పడవ పోయినట్టే, ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. నిజం చెప్పాలంటే, లేవనిచ్చి ఉంటే ఆమె గెలిచేది. కానీ కోరుకున్నది దక్కుతుందని విస్తరి ముందు మనిషిని లేపే రకం కాదు ఆమె.

వరుస వంక ఒక్కసారి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. మూటల వంక చూసినట్టే చూసింది. "నీళ్ల క్యాన్లు పదీ ఆ పక్కన పెట్టు. బియ్యం బస్తా కూడా" అంది యేసుప్రసాద్‌తో. పెట్టాక మళ్లీ చూసి, "నువ్వు కూడా ఆడ కూర్చో" అంది.

"నేను తర్వాత తింటాలేమ్మా."

"తర్వాత నీ బరువుతో నాకేం పని? కూర్చో, ఆకు ఏసుకో."

పడవ చాలావరకు సర్దుకుంది. ఇంకా కాస్త వాలు మిగిలే ఉంది. ఎనభై కిలోలు కావాలి. ఆ లెక్క ఎవరిదో ఆమెకు తెలుసు. గరిటె భర్త చేతికిచ్చి, తూర్పు వైపు వెళ్లి చతికిలబడింది. చారు ఆకుల్లో నిలబడింది.

కేశవయ్య వంకాయ వేసే తీరు చూసి ఆగలేక రెండు నిమిషాలకే లేచింది. చారు మళ్లీ కదిలింది.

"అక్కా, నీకు పుణ్యముంటాది, లేయద్దక్కా!" అన్నాడు ఓబుళేశు రెండు చేతులూ ఆకు చుట్టూ అడ్డం పెట్టి.

"ఊరికే కూర్చుంటే ఎట్ల?" అంది స్వర్ణలత. "అన్నా, రత్నక్కకు కూడా ఆకు ఎయ్. మాతోపాటే తింటాది."

అందరూ సుబ్బరత్నమ్మ వంక చూశారు. వచ్చిన స్నేహితులంతా నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో అన్నం తిన్నవాళ్లే. సుబ్బరత్నమ్మ తింటుండగా వాళ్లలో ఒక్కరూ చూసి ఎరుగరు. అందరూ తిని, ఆకులు తీసి, నేల తుడిచాక, వంటింట్లో గోడ వైపు తిరిగి, చల్లారినదేదో తినేది. అందులో బాధపడేందుకు ఏముందని ఆమే అనుకునేది.

కేశవయ్య ఆకు వేశాడు. వడ్డించడం అతనికి జన్మలో చేతకాలేదు. అన్నం మీద పచ్చడి, పచ్చడి మీద పప్పు. కానీ ఓళిగ పెనం మీద వేడిచేసి అప్పుడే తీసి తెచ్చాడు, నెయ్యి మాత్రం ధారగా పోశాడు. "అంత నెయ్యా!" అని కసిరి, ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

వేడి ఓళిగ అంత మెత్తగా ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది. వేలకు వేలు చేసిన మనిషికి! ముందు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ వెంటనే కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేని కోపం. కోపంగానే ఇంకొకటి వేయమంది. ఓబుళేశు జోకులకు అన్నం నోట్లో పెట్టుకునే నవ్వింది. ఎవరికి ఏం తక్కువైందో చూసుకోకుండా తిన్న భోజనం అది ఒక్కటే ఆమె జీవితంలో.

ఎండ తగ్గాక అందర్నీ గట్టున దించారు. పంచెకు చారు మరకలతో ఓబుళేశు కారెక్కాడు. యేసుప్రసాద్ కూడా వెళ్లాక పడవలో మొగుడూ పెళ్లామూ మిగిలారు. కేశవయ్య కమ్మీ దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"నువ్వు చెప్పిందే నిజం రత్నా. చారు ఒలికె, నిన్ను బంతి మధ్యలో కూర్చోబెడితిమి. సక్రమంగా జరగలేదు. పడవ అమ్మేస్తాలే."

సుబ్బరత్నమ్మ కమ్మీ దగ్గరికి వచ్చి నిలబడింది. పొద్దున్నుంచి చూడని కొండల్ని అప్పుడు చూస్తూ ఉంది.

"వచ్చే ఆదివారం ఎవుర్ని పిలుస్తాండారు?" అంది.

కేశవయ్య తల ఎత్తాడు.

"ఎవుర్నైనా పిలవండి. ఆరుమందికి తగ్గకుండా పిలవండి. తక్కువైతే పడవ ఒరగదు, మళ్లీ నన్ను నిలబెడతారు."